చట్టం మనమే చేసుకోవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవులకు కొమ్ములు ఉంచాలా వద్దా అని స్విట్జర్లాండ్ దేశమంతా ఓటేసిందని చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. "పనీపాటా లేదా వాళ్ళకి?" అని నవ్వేశారు. ఆ నవ్వు అయ్యాక మొదలైన ప్రశ్నలు, తర్వాత స్నేహితులూ బంధువులూ అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. జవాబుల్లో కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా ఉంటుంది. అది అభిప్రాయమేనని తెలిసిపోతుంది లెండి.

జనం నేరుగా చట్టం చేయడమంటే అసలు ఏమిటి?

ఎమ్మెల్యే, ఎంపీల మీద వదిలేయకుండా ఒక చట్టం ఉండాలా వద్దా అన్నది ఓటర్లే తేల్చడం. ఇందులో రెండు వేరువేరు అధికారాలున్నాయి. ఒకటి, సభ పట్టించుకోని విషయాన్ని జనమే రాసి ఓటుకు పెట్టడం. దీన్ని ఇనీషియేటివ్ అంటారు. రెండోది, సభ చేసిన చట్టాన్ని "ఆగండి, మమ్మల్ని అడగండి" అని ఆపడం. అది రెఫరెండం. బండి భాషలో చెప్పాలంటే మొదటిది యాక్సిలరేటర్, రెండోది బ్రేకు. అందరూ మొదటిదాని గురించే ఉత్సాహంగా మాట్లాడతారు. నా లెక్కలో రెండోదే ముఖ్యం. ఎందుకో కింద దూబగుంట సారా ఉద్యమం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

మరి బ్రెగ్జిట్ ఓటు కూడా ఇలాంటిదేనా?

కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016లో బ్రిటన్‌లో ఓటింగ్ పెట్టాలనుకున్నది ప్రభుత్వం, ప్రశ్న రాసిందీ తేదీ పెట్టిందీ పైవాళ్ళే. జనం చేసింది అవుననో కాదనో గీత పెట్టడం ఒక్కటే. ప్రశ్న ఎవరు రాస్తారన్నదే అసలు అధికారం. నాయకుడు తనకు కావలసినప్పుడు, కావలసిన మాటల్లో అడిగితే అది జనానికి అధికారం ఇవ్వడం అవ్వదు. 52కి 48గా తేలిన ఆ ఓటు చూసి "జనం చేతికిస్తే ఇలాగే అవుతుంది" అనేవాళ్ళకు నా జవాబు ఇదే.

స్విట్జర్లాండ్‌లో మామూలు మనిషి ఏం చేస్తే ఓటింగ్ దాకా వెళ్తుంది?

ఆవు కొమ్ముల కథే చెబుతాను. ఆర్మిన్ కపాల్ అని ఒక కొండ ప్రాంతపు రైతు. అక్కడ ఎక్కువ ఆవులకు దూడలుగా ఉన్నప్పుడే కొమ్ము మొలిచే చోట కాల్చేస్తారు. కొమ్ములు లేకపోతే పాకలో తక్కువ చోటు సరిపోతుంది, పొడుచుకునే భయం ఉండదు. ఈయనకది నచ్చలేదు. కొమ్ములు ఉంచే రైతులకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇవ్వాలని అడిగాడు. అధికారులు వినలేదు, పార్లమెంటు వినలేదు. దాంతో సంతకాల పనికి దిగాడు.

నియమం ఇలా ఉంటుంది. 7 నుంచి 27 మంది కలిసి ఒక కమిటీ వేసుకోవాలి. ప్రతిపాదన రాసి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, కార్యాలయంలో చూపించి అచ్చు వేయించాలి. ఆ రోజు నుంచి 18 నెలల్లో లక్ష మంది ఓటర్ల సంతకాలు తేవాలి. ప్రతి సంతకం ఆ మనిషి ఊరి ఓటర్ల జాబితాలో ఉందని స్థానిక కార్యాలయం ధ్రువీకరించాలి. ఇంత చేసినా వెంటనే ఓటు ఉండదు. ప్రభుత్వం తన అభిప్రాయం చెబుతుంది, పార్లమెంటు చర్చిస్తుంది. ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. సభ తన వైపు నుంచి ఇంకో ప్రతిపాదనను పోటీగా పెట్టొచ్చు. అది చాలనుకుంటే కమిటీ తనది వెనక్కి తీసుకోవచ్చు.

కపాల్ వెనక్కి తీసుకోలేదు. 2018 నవంబరు 25న దేశం ఓటేసింది. 54.7 శాతం వద్దన్నారు. ఓడిపోయాడు. కానీ ఆ ఏడాది స్విస్ ఇళ్ళలో అన్నం బల్లల దగ్గర ఆవు కొమ్ముల గురించి మాట్లాడుకున్నారు. ఒక్క రైతు పట్టుబడితే అక్కడిదాకా వచ్చింది.

ఇక్కడో తమాషా ఉంది. దేశస్థాయిలో స్విస్ ఓటర్లు ఇనీషియేటివ్‌తో మామూలు చట్టం పెట్టలేరు, రాజ్యాంగ సవరణే పెట్టాలి. అంటే కపాల్ గెలిచి ఉంటే ఆవు కొమ్ములు రాజ్యాంగంలోకి ఎక్కేవి! కాంటన్‌లలో, అంటే వాళ్ళ రాష్ట్రాల్లో మాత్రం మామూలు చట్టాలకూ ఇనీషియేటివ్ పెట్టొచ్చు.

బ్రేకు ఎలా పనిచేస్తుంది?

పార్లమెంటు ఒక చట్టం చేశాక 100 రోజుల్లో 50,000 సంతకాలు తెస్తే దాని మీద జనం ఓటు తప్పనిసరి. ఇది 1874 నుంచీ ఉంది. ఇనీషియేటివ్ వచ్చింది ఆ తర్వాత, 1891లో. చాలా చట్టాల మీద ఎవరూ సంతకాలు సేకరించరు. అయినా ఆ బ్రేకు ఉందన్న భయంతోనే పార్లమెంటు ముందే అన్ని పక్షాలనూ, సంఘాలనూ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. వాడకపోయినా పనిచేసే అధికారం అది. రాత్రికి రాత్రి బిల్లు పెట్టి మూజువాణి ఓటుతో గట్టెక్కించేసే అలవాటు అక్కడ కుదరదు.

జనం చేతికిస్తే అన్నీ ఉచితంగా కావాలనరా?

నేనూ ఇలాగే అనుకున్నాను. 2012లో అందరికీ ఏడాదికి ఆరు వారాల జీతంతో సెలవు ఇవ్వాలా అని అడిగితే స్విస్ ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 2016లో పని చేసినా చేయకపోయినా ప్రతి ఒక్కరికీ నెలనెలా డబ్బు ఇవ్వాలన్న ప్రతిపాదనను దాదాపు 77 శాతం తోసిపుచ్చారు. మొత్తం మీద ఓటుకు వచ్చిన ఇనీషియేటివ్‌లలో పదింటికి ఒకటి గెలుస్తుంది, అంతే.

అలాగని వాళ్ళు సన్యాసులేం కాదు. 2024 మార్చిలో వృద్ధాప్య పింఛను ఏడాదికి పన్నెండు నెలలకు బదులు పదమూడు నెలలది ఇవ్వాలన్న ప్రతిపాదన 58 శాతంతో గెలిచింది. అదే రోజు రిటైర్మెంటు వయసు పెంచాలన్న ఇంకో ప్రతిపాదన చిత్తుగా ఓడింది. ఖర్చు ఎక్కడి నుంచి తేవాలో చూసుకోండని ప్రభుత్వం నెత్తిన పెట్టారు.

చేతులెత్తి చట్టం చేసే ఊళ్ళు ఇంకా ఉన్నాయట, నిజమేనా?

రెండు కాంటన్‌లలో ఉన్నాయి, గ్లారస్, అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్. గ్లారస్‌లో మే మొదటి ఆదివారం వేలమంది మైదానంలో నిలబడి, చేతిలోని రంగు కార్డు పైకెత్తి చట్టాలు తేలుస్తారు. లెక్కపెట్టరు. వేదిక మీద ఉన్నాయన కంటితో చూసి ఎటు ఎక్కువో చెబుతాడు. ఎవరైనా మెట్లెక్కి మాట్లాడొచ్చు, సవరణ అడగొచ్చు.

2006లో ఏమైందంటే, తమ కాంటన్‌లోని 25 స్థానిక పంచాయతీలను కలిపి 10 చేద్దామని ప్రభుత్వం ప్రతిపాదించింది. ఒక పౌరుడు లేచి "పదెందుకు, మూడు చాలు" అన్నాడు. ఎవరూ ఊహించలేదు, మూడుకే చేతులు లేచాయి. ఇంత పెద్ద నిర్ణయం ఏదో ఊపులో జరిగిందేమోనని మరుసటి ఏడాది ప్రత్యేకంగా మళ్ళీ సభ పెట్టారు. జనం ఇంకా గట్టిగా అదే మాట చెప్పారు. ఇప్పుడక్కడ మూడే.

ఇది చదివి "మన ఊళ్ళోనూ పెడదాం" అని నాకూ అనిపించింది. కానీ భూమి కౌలుకిచ్చిన ఆసామి ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తుంటే, కౌలుదారు చెయ్యి ఎటు లేస్తుంది? మన దగ్గర ఏ ఓటయినా రహస్యంగానే ఉండాలి.

ఎక్కువమంది కలిసి తక్కువమందిని తొక్కేస్తే?

తొక్కుతారు. తొక్కారు కూడా. ఈ విషయంలో స్విట్జర్లాండ్‌ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా అని 1959లో మగవాళ్ళను అడిగితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. 1971 దాకా దేశస్థాయి ఓటు రాలేదు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ మగవాళ్ళయితే 1990లో కూడా మైదానంలో చేతులెత్తి కాదన్నారు. ఆ ఏడాదే ఫెడరల్ కోర్టు కల్పించుకుంటే గానీ అక్కడ ఆడవాళ్ళకు కాంటన్ ఓటు దక్కలేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు 1951-52 ఎన్నికల్లోనే వరుసలో నిలబడి ఓటేశారు. మన రాజ్యాంగం రాసినవాళ్ళు ఆ విషయాన్ని ఓటుకు పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

2009లో మసీదులకు మినార్లు కట్టకూడదన్న ప్రతిపాదన 57.5 శాతంతో గెలిచి రాజ్యాంగంలో చేరింది. అప్పటికి దేశం మొత్తం మీద ఉన్న మినార్లు నాలుగు. స్విస్ కోర్టులు ఫెడరల్ చట్టాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయలేవు. మనకు ఆ అధికారమున్న సుప్రీంకోర్టు ఉంది, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చలేదన్న 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఉంది. జనం ఓటుకైనా ఆ గీత దాటే హక్కు ఉండకూడదు. ఎవరి ప్రాథమిక హక్కూ బ్యాలెట్ మీదికి రాకూడదు. ఈ షరతు లేని ప్రత్యక్ష చట్టాన్ని నేనైతే సమర్థించను.

డబ్బున్నవాళ్ళదే ఆట అవ్వదా?

కాలిఫోర్నియా చూస్తే భయమేస్తుంది. అక్కడ 1911లో ఈ పద్ధతి తెచ్చిందే రైల్వే కంపెనీల పెత్తనం తగ్గించడానికి. ఇప్పుడు సంతకాలు సేకరించడమే అక్కడ ఒక వ్యాపారం. సంతకానికి ఇంత అని డబ్బు పుచ్చుకుని సూపర్ మార్కెట్ల ముందు నిలబడతారు. 2020లో యాప్ ట్యాక్సీ, డెలివరీ కంపెనీలు తమ డ్రైవర్లు ఉద్యోగుల లెక్కలోకి రాకుండా ప్రపొజిషన్ 22 అనే ప్రతిపాదనను ఓటుకు పెట్టించుకుని, దాని ప్రచారానికి 20 కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టి గెలిచాయి. పైగా దాన్ని శాసనసభ సవరించాలంటే ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలని అందులోనే రాసుకున్నారు.

అక్కడ ఇల్లు కొన్న మన తెలుగువాళ్ళకు ప్రపొజిషన్ 13 సంగతి చెప్పక్కర్లేదు. 1978లో ఓటర్లు చేసుకున్న రాష్ట్ర రాజ్యాంగ సవరణ అది. ఇంటి పన్ను విలువలో 1 శాతం మించకూడదు, పన్ను కోసం కట్టే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారితేనే కొత్త లెక్క. ఫలితంగా ఒకే వీధిలో ఒకేలాంటి రెండు ఇళ్ళుంటే, నలభై ఏళ్ళ కిందట కొన్న పెద్దాయన కట్టే పన్నుకు ఎన్నో రెట్లు నిన్న కొన్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు కడతాడు. అన్యాయమని అందరికీ తెలుసు. కానీ పాత ఇళ్ళవాళ్ళ ఓట్లు పోగొట్టుకుని దాన్ని ముట్టుకునే నాయకుడు లేడు.

కూలి మీద సంతకాల బెడద స్విట్జర్లాండ్‌కీ తప్పలేదు. 2024లో దొంగ సంతకాల ఆరోపణలు బయటికొచ్చి పెద్ద గొడవైంది.

అబద్ధాలు చెప్పి ఓట్లు వేయించుకుంటే దిక్కెవరు?

2016లో స్విట్జర్లాండ్‌లో పెళ్ళయిన జంటల మీద పన్నుభారం గురించి ఓటింగ్ జరిగింది. దీనివల్ల నష్టపోతున్న జంటలు 80,000 అని ప్రభుత్వమే చెప్పింది. ప్రతిపాదన 50.8 శాతంతో ఓడిపోయింది. తర్వాత చూస్తే ఆ జంటలు 4,54,000 అని తేలింది. 2019లో ఫెడరల్ కోర్టు ఆ ఓటింగునే రద్దు చేసింది. దేశస్థాయిలో అలా జరగడం అదే మొదటిసారి. అక్కడ ప్రతి ఓటింగుకూ ముందు ఇంటింటికీ ఒక చిన్న ఎర్ర పుస్తకం వస్తుంది, ప్రతిపాదన పాఠం, అనుకూల ప్రతికూల వాదనలతో. తప్పు అంకె అందులోనే వచ్చింది కాబట్టి కోర్టు ఊరుకోలేదు. వాట్సాప్ ఫార్వర్డులకు ఈ మందు పనిచేయదని ఒప్పుకోవాలి.

చదువు రానివాళ్ళు సంక్లిష్టమైన చట్టం మీద ఎలా ఓటేస్తారు?

ఈ ప్రశ్న 1951లో కూడా అడిగారు. గుర్తులు పెట్టి జవాబు చెప్పాం. ప్రశ్నలకూ గుర్తులు పెట్టొచ్చు, పెట్టాం కూడా. 1967 జనవరిలో గోవా మహారాష్ట్రలో కలవాలా, విడిగా ఉండాలా అని అడిగినప్పుడు కలవడానికి పువ్వు, విడిగా ఉండడానికి రెండాకులు గుర్తులు. రెండాకులు గెలిచింది. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో మున్సిపల్ అధ్యక్షుణ్ణి మధ్యలో దించేయాలా అన్న ఓటుకు ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ బొమ్మలు పెట్టారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మహారాష్ట్రది. ఊళ్ళో సారా దుకాణం వద్దని ఆడ ఓటర్లలో నాలుగో వంతు మంది అర్జీ పెట్టుకుంటే రహస్య ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద రెండే బొమ్మలు. నిలబెట్టిన సీసా, అడ్డంగా పడుకోబెట్టిన సీసా. జాబితాలో ఉన్న ఆడ ఓటర్లలో సగానికి మించి అడ్డ సీసా మీద ముద్ర వేస్తే దుకాణం మూయాలి. గమనించండి, ఓటేసినవాళ్ళలో సగం కాదు, జాబితాలో ఉన్నవాళ్ళలో సగం. ఆ రోజు కూలికి పోయి రాలేకపోయిన ప్రతి ఆడమనిషీ దుకాణం వైపు లెక్క. నియమాల్లో ఇలాంటి చిన్న ముక్క దగ్గరే గెలుపోటములు తేలిపోతాయి. ఆ రెండు సీసాల్లో తేడా తెలియడానికి మాత్రం డిగ్రీ అక్కర్లేదు.

మన రాజ్యాంగంలో రెఫరెండం ఉందా?

లేదు. 368వ అధికరణం ప్రకారం రాజ్యాంగం మార్చేది పార్లమెంటు, కొన్ని విషయాల్లో సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా కావాలి. ఓటర్ల ఊసే ఉండదు. గోవాలో అడిగారంటే దానికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు కాబట్టి. 1975లో సిక్కిం విలీనానికి ముందు అక్కడా ఓటింగ్ జరిగింది.

మన విషయానికే వస్తే, తెలుగువాళ్ళ జీవితాల్ని మార్చిన పెద్ద నిర్ణయం 2014 విభజన. 3వ అధికరణం కింద పార్లమెంటు చేసింది. తెలంగాణ కావాలన్నవాళ్ళనీ అడగలేదు, వద్దన్నవాళ్ళనీ అడగలేదు. ఉమ్మడి అసెంబ్లీ ఆ బిల్లును తిప్పిపంపినా దాని అభిప్రాయానికి కట్టుబడనక్కర్లేదని రాజ్యాంగమే చెబుతోంది. ఓటింగ్ పెట్టి ఉంటే ఎవరిని అడగాలన్న దగ్గరే తగువు వచ్చేది, తెలంగాణ జిల్లాలవాళ్ళనా, మొత్తం 23 జిల్లాలవాళ్ళనా? జనాన్ని అడగడం కన్నా "ఏ జనాన్ని" అన్నది కష్టమైన ప్రశ్న.

మన ఎంపీతో బిల్లు పెట్టిస్తే సరిపోదా?

ప్రైవేటు మెంబర్ బిల్లు అంటారు దాన్ని. స్వాతంత్ర్యం వచ్చాక ఇప్పటిదాకా అలాంటివి చట్టమైనవి 14. చివరిది 1970లో. ముసాయిదా చట్టాలను 30 రోజులు జనం ముందు ఉంచాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది కానీ, పాటించకపోతే అడిగే నాథుడు లేడు.

అయితే మన జనం ఎప్పుడూ చట్టం తెప్పించుకోలేదా?

తెప్పించుకున్నారు, రోడ్డెక్కి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం పాఠాలు చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే.

1997లో మద్యనిషేధం ఎత్తేశారు. ఖజానా ఖాళీ, దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి స్మగ్లింగ్ అని కారణాలు చెప్పారు. కారణాల్లో నిజం లేకపోలేదు. కానీ ఆ నిషేధం తెచ్చిన ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. స్విస్ పద్ధతి ఉండి ఉంటే వంద రోజుల్లో సంతకాలు పోగుచేసి "ఓటు పెట్టండి" అనేవాళ్ళు. ఓడేవాళ్ళో గెలిచేవాళ్ళో తెలియదు గానీ అడిగించుకునే హక్కు ఉండేది. నేను బ్రేకు ముఖ్యమన్నది ఇందుకే. ఉద్యమంతో చట్టం తెచ్చుకోవచ్చు, దాన్ని నిలబెట్టుకోవడానికి ప్రతి ఏడాదీ ఉద్యమం చేయలేం కదా.

గ్రామసభకు ఏమైనా నిజమైన అధికారం ఉందా?

చట్టం చేసే అధికారం లేదు. కానీ ఒక నిర్ణయాన్ని ఆపగలదని నియమగిరి చూపించింది. పార్వతీపురం మన్యం జిల్లాను ఆనుకుని ఉన్న ఒడిశాలోని రాయగడ, ఆ పక్క కలహండి జిల్లాల్లోని కొండ అది. అక్కడ బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం, తవ్వాలా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం 12 ఊళ్ళను ఎంచుకుంది. ఇన్నే ఎందుకని అప్పుడే గొడవైంది. జూలై, ఆగస్టుల్లో వానలో, న్యాయాధికారి ఎదుట సభలు జరిగాయి. అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కోందులు ఒక్కో ఊళ్ళో లేచి ఆ కొండ తమ దేవుడని చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది.

ఇది అటవీ హక్కుల చట్టం, ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో చేసిన పెసా చట్టం కలిసి ఇచ్చిన బలం. పెసా రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతాలకే వర్తిస్తుంది, అంటే మన దగ్గర అల్లూరి జిల్లా, ఆదిలాబాద్, భద్రాచలం వైపు ఏజెన్సీలకు. ఆదిలాబాద్ గోండులు "మావ నాటే మావ రాజ్", మా ఊళ్ళో మా రాజ్యం, అనేది ఆ అర్థంలోనే. ఉమ్మడి రాష్ట్రంలో పెసా నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. మైదాన ప్రాంతపు గ్రామసభకు అంత బలం లేదు.

జ్యూరిక్‌లోనో శాన్‌హోజేలోనో ఉంటున్నాం. మాకు ఈ ఓట్లు ఉంటాయా?

పౌరసత్వం ఉంటేనే. గ్రీన్ కార్డుతో ప్రపొజిషన్ల మీద ఓటు లేదు. స్విట్జర్లాండ్ నివాసుల్లో నాలుగో వంతుకు పైగా విదేశీయులే. పన్ను కడతారు, ఓటు ఉండదు. కొన్ని కాంటన్‌లు మాత్రం స్థానికంగా కొంత వెసులుబాటు ఇస్తాయి.

మన దగ్గర పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఢిల్లీలో మాత్రం కాదు. నన్నడిగితే మున్సిపాలిటీలో. ఊరి చెరువు పూడ్చి షాపింగ్ కాంప్లెక్స్ కడతామని కౌన్సిల్ తీర్మానం చేస్తే, మూడు నెలల్లో ఓటర్లలో ఐదు శాతం సంతకాలు తెస్తే ఓటింగ్ పెట్టాలి. అలాంటి బ్రేకు చాలు ముందు. ఓటు రహస్యంగా ఉండాలి. సంతకానికి డబ్బివ్వడం నేరం కావాలి. ప్రశ్న తెలుగులో, పక్క వీధి కిరాణా ఆయనకు ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా ఉండాలి. కులం, మతం, ఎవరి హక్కులూ అందులోకి రాకూడదు.

అదంతా వచ్చేలోపు నేనేం చేయగలను?

గ్రామసభకు వెళ్ళండి. నేను మా ఊరి సభకు వెళ్ళినప్పుడు పంచాయతీ ఆఫీసు వరండాలో పట్టుమని పాతికమంది లేరు. పింఛన్ల గురించి కొంత గొడవ, డ్రైనేజీ గురించి కొంత, ఆపైన రిజిస్టరు చేతికొచ్చింది. సంతకం పెట్టబోతూ పై పేజీ చూస్తే తీర్మానం ఉండాల్సిన చోటు ఖాళీ. "తర్వాత రాస్తారులే, పెట్టెయ్ బాబూ, అన్నాలవేళయింది" అన్నాడు పక్కనున్న పెద్దాయన. నేనూ పెట్టేశాను. మూడో నెలలో తెలిసింది, ఊరి పోరంబోకు స్థలం ఒకటి దేనికో కేటాయించడానికి సభ "ఏకగ్రీవంగా" ఒప్పుకుందని. ఆ ఏకగ్రీవంలో నా సంతకం కూడా ఉంది.

ఇప్పుడు వెళ్ళినప్పుడు మూడు పనులు చేస్తున్నాను. ఎజెండా ముందే అడుగుతాను. సంతకం పెట్టేముందు తీర్మానం పైకి చదివి వినిపించమంటాను. రాసిన పేజీకి ఫోన్లో ఫోటో తీసుకుంటాను. మొదటిసారి కార్యదర్శి మొహం చిట్లించాడు. పోయినసారి నేను అడగకముందే మా పక్కింటి అత్తమ్మ "చదవండి బాబూ, ఏం రాశారో" అంది.